ఎక్స్‌రే తీశాక మళ్లీ స్కానింగ్ ఎందుకు అంటున్నారు?

చుక్కి_అమ్మ:
మా ల్యాబ్రడార్ కుక్కకి ఏడేళ్లు, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించలేదు. హీట్ (ఎదకు రావడం) అయిపోయి నెల దాటింది. ఈ వారంలో తిండి ముట్టడం లేదు, నీళ్లు మాత్రం గిన్నెలకు గిన్నెలు తాగేస్తోంది, తోక కింద అస్తమానం నాక్కుంటోంది. డాక్టర్ గారు ఎక్స్‌రే చూసి, పొట్టలో ఏదో ఉబ్బినట్టుంది, అల్ట్రాసౌండ్ స్కానింగ్ చేయిద్దాం అన్నారు. ఎక్స్‌రేలో తేలనిది ఇందులో ఎలా తేలుతుంది? మత్తు ఇస్తారా? రాత్రంతా ఏమీ పెట్టకూడదా? చాలా టెన్షన్‌గా ఉంది.

వెట్_ఫైనలియర్:
అక్కా, మీరు చెప్పినవన్నీ చూస్తే పయోమెట్రా అనుమానించాల్సిందే, అంటే గర్భసంచిలో చీము. ఆపరేషన్ కాని ఆడకుక్కలకి హీట్ తర్వాత ఒకటి రెండు నెలల్లో ఎక్కువగా వస్తుంది. ఎక్స్‌రేలో చీమైనా, నీరైనా, కండైనా ఒకే బూడిద రంగులో పడతాయి, చూలు తొలినాళ్లలో ఉన్నా అలాగే కనిపిస్తుంది, పిల్లల ఎముకలు ఎక్స్‌రేకి అందేది సుమారు 45 రోజులకి కదా. స్కానింగ్‌లో అయితే చీము నిండిన గర్భసంచి లావుపాటి గొట్టాల్లా నల్లగా తెలుస్తుంది, అదే పిల్లలుంటే నెల లోపే గుండె కొట్టుకోవడం కనిపిస్తుంది.

మియావ్_విజయవాడ:
మత్తు గురించి భయపడకండి, చాలావాటికి అవసరం ఉండదు. మా పిల్లికి మూత్రంలో రాళ్లని చేయించాం. పొట్ట మీద బొచ్చు ట్రిమ్మర్‌తో తీసేశారు, వెంట్రుకల మధ్య గాలి ఉంటే ధ్వని తరంగాలు లోపలికి పోవట. వెల్లకిలా పడుకోబెట్టి జెల్ రాశారు, నేను తల నిమురుతూ ఉన్నాను. రాయి తెల్లగా మెరిసింది, దాని వెనక నల్లటి నీడ.

వెట్_ఫైనలియర్:
మామూలు పొట్ట స్కానింగ్‌కైతే 8 నుంచి 12 గంటలు తిండి ఆపమంటారు, గ్యాస్, తిండి అడ్డొస్తాయని. మీ విషయంలో మాత్రం రేపటిదాకా ఆగొద్దు, ఇప్పుడే డాక్టర్ గారికి ఫోన్ చేయండి. చీము బయటికి రాకపోతే ఇంకా ప్రమాదం, అది లోపలే పేరుకుపోతుంది. తోడుగా రక్త పరీక్ష కూడా అడగండి, కిడ్నీలు ఎలా ఉన్నాయో తెలియాలి. పయోమెట్రా అని తేలితే గర్భసంచి, అండాశయాలు తీసేసే ఆపరేషనే సరైన దారి. దయచేసి మనుషుల నొప్పి మాత్రలు వేయకండి.

చుక్కి_అమ్మ:
ఫోన్ చేశాను, వెంటనే తీసుకురమ్మన్నారు. బయల్దేరుతున్నాం.

వెట్_ఫైనలియర్:
మంచిది అక్కా. హీట్ ఎప్పుడు వచ్చిందో ఆ తేదీ, ఎక్స్‌రే ఫిల్మ్ వెంట తీసుకెళ్లండి. రిపోర్టు వచ్చాక ఇక్కడ పెట్టండి, చూస్తాను.