వర్జీనియా పొగాకులో మాలిక్ ఆమ్లం, బర్లీలో సిట్రిక్: తేడా విత్తనానిదా, బ్యారన్‌దా?

ల్యాబ్_పక్షి:
ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి మూడు రకాల పొగాకు పొడి చేసి హెచ్‌పీఎల్‌సీలో (ద్రవంలో కలిసినవాటిని విడదీసి కొలిచే యంత్రం) ఆమ్లాలు కొలిచాను: బ్యారన్‌లో, అంటే వేడితో ఆకు ఆరబెట్టే గదిలో, క్యూరింగ్ చేసిన వర్జీనియా, నీడన ఆరిన బర్లీ, గోదావరి లంక ఆకు. వర్జీనియాలో మాలిక్ పీక్ (గ్రాఫులో లేచే శిఖరం, ఎంత ఎత్తైతే అంత ఎక్కువ ఉన్నట్టు) నిటారుగా ఉంది. బర్లీలో సిట్రిక్ దాన్ని మింగేసింది, లంక ఆకుదీ అదే బాట. ఆక్సాలిక్ మూడింట్లోనూ నామమాత్రం. ఈ అంకెలతో ఆకు ఏ రకమో చెప్పేయొచ్చని మా గైడ్ గారు అంటున్నారు. నాకెందుకో నమ్మకం కుదరట్లేదు.

బ్యారనింటి_కుర్రాడు:
మీ గైడ్ గారు ఒక్క రాత్రి బ్యారన్ దగ్గర కూర్చుంటే ఆ మాట అనరు. మా జంగారెడ్డిగూడెం వైపు ఐదారు రోజుల్లో పని ఐపోతుంది. మొదట 35 డిగ్రీల దగ్గర ఆకుని పసుపు తిరగనిస్తాం, ఆఖర్న ఈనె టప్‌మని విరిగేదాకా వేడి పెంచుతాం. ఆకు చచ్చిపోయాక ఇంక మారేదేముంది? బర్లీ పందిట్లో వారాల తరబడి వేలాడుతుంది. ప్రాణం ఉన్నన్నాళ్లూ మాలిక్ సిట్రిక్‌గా మారుతూనే ఉంటుంది. తేడా అంతా మంటదే.

విత్తనాల_మనిషి:
తమ్ముడూ, "అంతా" అనకు. కోసిన ఆకుని చీకట్లో ఉంచితే మాలిక్ తగ్గి సిట్రిక్ పెరుగుతుందని అమెరికాలోని కనెక్టికట్‌లో విక్రీ అనే శాస్త్రవేత్త బృందం 1930లలోనే చూపించింది, కాదనను. కానీ బర్లీ పుట్టుకే వేరు. పత్రహరితం తక్కువ, నత్రజని వర్జీనియా కంటే చాలా ఎక్కువ వేయాలి. నైట్రేట్‌ని వాడుకునేటప్పుడు మొక్క మాలిక్ తయారుచేసుకుంటుంది. అంటే పందిట్లో మారాల్సిన సరుకు చేలోనే పోగవుతోంది. వర్జీనియాకి అంత యూరియా దట్టిస్తే ఆకు రంగు తిరగదని నీకు నేను చెప్పాలా?

పిపెట్_పిన్ని:
మీరిద్దరూ కొట్టుకోండి గానీ, ముందు ఆ అంకెలు నిజమేనా? బాబూ, పొడిని ఉత్త నీళ్లలోనే నానబెట్టావు కదూ? ఆక్సాలిక్‌లో చాలా భాగం కాల్షియంతో కలిసి స్ఫటికాలుగా ఉంటుంది, నీళ్లకి లొంగదు. పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో తీసి చూడు, "నామమాత్రం" అన్న మాట వెనక్కి తీసుకుంటావు. ఇంకోటి, యంత్రంలో పదార్థాల్ని విడదీసే గొట్టం అయాన్ ఎక్స్‌క్లూజన్ కాలమ్ రకం ఐతే ఫలాల చక్కెర ఫ్రక్టోజ్, మాలిక్ దాదాపు ఒకేసారి బయటికొస్తాయి. వర్జీనియాలో చక్కెర దండిగా ఉంటుంది, బర్లీలో ఉండీ లేనట్టే. చక్కెరనీ ఆమ్లాన్నీ రెంటినీ పట్టే ఆర్‌ఐ డిటెక్టర్ పెట్టి ఉంటే నీ నిటారు పీక్‌లో సగం తీపే అనుకో.

ల్యాబ్_పక్షి:
నీళ్లే పిన్నిగారూ, దొరికిపోయాను. డిటెక్టర్ మాత్రం యూవీ (అతినీలలోహిత కాంతిది), 210 నానోమీటర్లు, చక్కెర దానికి పెద్దగా కనబడదు కాబట్టి కాస్త నయం. ఆక్సాలిక్ మళ్లీ తీస్తాను. వర్జీనియా ఆకుల్ని ఈనె వెంట చీల్చి, సగాలు బ్యారన్‌లో, సగాలు నీడన పెడితే వాదన తేలుతుందా?

విత్తనాల_మనిషి:
బర్లీనీ అలాగే చీల్చి బ్యారన్‌లో పెట్టు. పచ్చాకు ముక్కలు కొన్ని కోసిన వెంటనే గడ్డకట్టించి దాచు. లేకపోతే మొదట్లో ఎంత ఉందో ఎలా తెలుస్తుంది?

బ్యారనింటి_కుర్రాడు:
మా బ్యారన్‌లో బర్లీ పెడితే మా నాన్న నన్ను చీలుస్తాడు. సరే, మూలన ఆకు వేలాడదీసే కర్ర ఒకటి ఖాళీ చేయిస్తాను. ఆకు నువ్వే తెచ్చుకో.