వరంగల్ ఎండల్లో పగ్‌ని పెంచగలమా?

మాది హనుమకొండ, రెండో అంతస్తులో అద్దె ఇల్లు. హచ్ యాడ్‌లోని కుక్కను చూసి పెరిగిన మా ఆయనకు పగ్ కావాలట. నా టెన్షన్ అంతా ఎండ గురించే. ముక్కు చప్పిడి కావడంతో పగ్‌లు రొప్పి ఒంటి వేడిని సరిగ్గా తగ్గించుకోలేవు, వడదెబ్బ త్వరగా తగులుతుంది. మే నెలలో ఇక్కడ 42, 43 డిగ్రీలు మామూలే. మాకున్నది కూలర్. అది చాలుతుందా, ఏసీ తప్పదా?

ముఖం ముడతలు తుడవడం, రాలిన వెంట్రుకలు ఊడ్వడం నేను చూసుకుంటాను. కానీ పగలు ఇంట్లో ఉండేది అత్తమ్మ. ఎవరు అడిగినా పెట్టేసే మనిషి! పగ్‌లేమో ఇట్టే లావెక్కుతాయి, లావైతే ఊపిరి ఇంకా కష్టం.

వరంగల్, కరీంనగర్ వైపు పెంచుతున్నవాళ్లు చెప్పండి: మధ్యాహ్నం కరెంటు పోతే ఏం చేస్తారు? మామూలు గురకకూ శ్వాస ఇబ్బందికీ తేడా ఎలా గుర్తుపడతారు? ఇంటి ఓనర్‌ని అడిగేలోపే తేల్చుకోవాలి.