ఆఫ్‌రోడ్‌లో బాడీకి తగిలిన దెబ్బలు: వెంటనే చేయించాలా, అలాగే వదిలేయాలా?

మట్టిబాట:
అందరికీ నమస్తే. రాళ్ల దారిలో ఏటవాలు దిగుతుంటే బండి పక్కకి జారి డ్రైవర్ వైపు డోర్ల కింద ఉండే సిల్ ఒక రాయి మీద కూర్చుంది. సిల్ జానెడు పొడవున లోపలికి నొక్కుకుపోయింది, అక్కడ పెయింట్ లేచిపోయి రేకు కనిపిస్తోంది. వెనక డోర్ కింది అంచులో మడత పడ్డ సొట్ట. ముందు బంపర్ మూల చీలింది. ముళ్ల కంపలు గీసిన గీతలైతే రెండు పక్కలా సరేసరి. బండి లాడర్ ఫ్రేమ్ (కింద విడిగా ఛాసిస్ ఉండే రకం) కాదు, మోనోకాక్ (బాడీయే బరువు మోసే రకం). మా గ్రూపులో కొందరేమో ఆఫ్‌రోడ్ బండికి టింకరింగ్ చేయించడం డబ్బు దండగ, మళ్లీ వెళ్తావు మళ్లీ తగుల్తుంది, వదిలేయ్ అంటున్నారు. ఇంకొందరు ఒక్క గీత కూడా ఉంచొద్దు, మొత్తం ఒకేసారి చేయించేయ్ అంటున్నారు. నాకు ఈ బండంటే చాలా ఇష్టం, చాలా ఏళ్లు ఉంచుకోవాలి, దారులకీ తీసుకెళ్లాలి. మీరైతే ఏం చేస్తారు, ఎందుకు చేస్తారు చెప్పండి.

కొండదారి:
నేను వదిలేయ్ అనే బ్యాచే బ్రో. గీతలకి భయపడితే దారి మీద ధ్యాస ఉండదు, స్టీరింగ్ తిప్పాల్సిన చోట తిప్పలేం, కొమ్మ తగుల్తుందేమో అని అటు జరిగి చక్రం గుంటలో వేస్తాం, అది ఇంకా పెద్ద దెబ్బ. పైగా రీపెయింట్ చేసిన ప్యానెల్ ఎప్పటికీ కంపెనీ పెయింట్ అంత గట్టిగా ఉండదు. ఫ్యాక్టరీలో ఖాళీ బాడీ షెల్‌ని మొత్తం ప్రైమర్ తొట్టిలో ముంచి పెద్ద ఓవెన్‌లో కాలుస్తారు, బయట షాపులో అది కుదరదు, ప్లాస్టిక్‌లు వైరింగ్ అన్నీ ఉన్న బండిని అంత వేడిలో పెట్టలేరు కదా. బాగున్న పెయింట్ గీకించేసి కొత్తది వేయించుకుని తర్వాతి ట్రిప్‌లో మళ్లీ గీయించుకోవడం నాకైతే అర్థం లేని పని. డోర్ తెరుచుకుంటోందా, మూసుకుంటోందా, బండి తిన్నగా పోతోందా, అంతే చూస్తా.

రేకుపని:
నేను బాడీ షాపులో పనిచేస్తా కాబట్టి కొంచెం పొడుగ్గానే రాస్తా. కొండదారి గారు చెప్పింది లాడర్ ఫ్రేమ్ బండికి చాలా వరకు ఒప్పుకుంటా, అందులో బరువు మోసేది కింద ఛాసిస్, బాడీ దాని మీద రబ్బర్ మౌంట్ల మీద కూర్చుంటుంది, ఫెండర్‌కి సొట్ట పడితే ఫెండర్‌కే పడ్డట్టు. మోనోకాక్‌లో బాడీయే ఛాసిస్. సిల్ అంటే అందం కోసం పెట్టిన పట్టీ కాదు, ముందు నుంచి వెనక దాకా బరువుని పట్టుకునే డబ్బా లాంటి సెక్షన్, బయట రేకు, లోపల రేకు, చాలా బండ్లలో మధ్యలో ఇంకో గట్టి పట్టీ కూడా ఉంటుంది. పక్కనుంచి ఇంకో బండి గుద్దితే క్యాబిన్‌ని కాపాడేది బి పిల్లర్‌తో (ముందు, వెనక డోర్ల మధ్య నిలువు స్తంభం) పాటు ఇదే. బయట రేకు మాత్రమే నొక్కుకుందా, లోపలి పట్టీ కూడా వంగిందా అనేది బయట నుంచి చూస్తే తెలీదు, అక్కడే వదిలేయ్ అనే మాట ప్రమాదం.

మట్టిబాట గారూ, ముందు ఇవి చూడండి. రెండు డోర్ల చుట్టూ ఉన్న సందు పైనా కిందా ఒకేలా ఉందా, అవతలి వైపుతో పోల్చండి. డోర్ మూస్తే ఇదివరకటి శబ్దమేనా, ఎత్తి మూయాల్సి వస్తోందా. సిల్ కింద రెండు రేకులు కలిసి వెల్డ్ అయిన అంచు ఉంటుంది, జాకీ పెట్టే చోటు అదే, అది వంగిందా, వెల్డ్ చుక్కల దగ్గర రేకులు విడిపోయాయా. వీల్ అలైన్‌మెంట్ చేయించి ముందు రీడింగ్ ఉంటే దాంతో చూసుకోండి. కింద నుంచి ఐమూలగా కొలతలు తీయించండి, రెండు వైపులా తేడా వస్తే అది పుట్టీ పెట్టి కప్పేసే పని కాదు. ఎలక్ట్రిక్ బండి వాళ్లెవరైనా ఇది చదువుతుంటే, మీకు చాలా మోడల్స్‌లో బ్యాటరీ ప్యాక్ ఈ రెండు సిల్స్ మధ్యలోనే ఉంటుంది, సిల్‌కి దెబ్బ తగిలితే ప్యాక్ కవర్ కూడా చూపించకుండా ఛార్జింగ్ పెట్టకండి.

తళుకు:
నేను రెండో బ్యాచ్. చేయించు బ్రో మొత్తం. రేకు కనిపించాక తేమలో గంటల్లోనే ఎర్రగా మొదలవుతుంది, రెండు నెలల తర్వాత చేయిద్దాం అనుకుంటే అప్పటికి పెయింట్ అంచు కింద నుంచి తుప్పు పాకి ఉంటుంది, చిన్న ముక్కకి పోయే పని ప్యానెల్ మొత్తానికి వస్తుంది. గీతలకి అందరూ అంత తేలిగ్గా కాంపౌండ్ (పెయింట్‌ని కొద్దిగా అరగదీసే పాలిష్) కొట్టేయ్ అంటారు కానీ దానికీ లెక్కుంది. మామూలుగా కంపెనీ పెయింట్ మొత్తం మందం 100 నుంచి 150 మైక్రాన్ల మధ్య ఉంటుంది, అందులో పైనున్న క్లియర్ కోట్ సుమారు 40 నుంచి 50. ఎండని తట్టుకునేది ఆ పై పొరే. ప్రతి ట్రిప్ తర్వాత గీతలు పోవాలని మెషీన్ పట్టిస్తే ఆ పొర పల్చబడి రెండు మూడేళ్లలో బానెట్ మీద తెల్లగా పొరలు లేవడం మొదలవుతుంది. గోరు అడ్డంగా పోనిచ్చి చూడండి, గోరు పట్టకపోతే పాలిష్‌తో పోవచ్చు, గోరు ఆగితే క్లియర్ కోట్ దాటిందనుకోవచ్చు, దానికి టచప్ పెయింట్ కావాలి. రంగు కోడ్ బండి మీదే స్టిక్కర్‌లో ఉంటుంది, చాలా వాటికి డోర్ తెరిస్తే పిల్లర్ మీద కనిపిస్తుంది.

కొండదారి:
తళుకు, నువ్వు చెప్పింది నా వాదనకే బలం ఇస్తోంది చూడు, మెషీన్ పట్టిస్తే పెయింట్ పల్చబడుతుంది కాబట్టి పట్టించొద్దు, గీతలు అలాగే ఉంచు. ఇక ఉప్పెక్కిన సముద్రపు ఇసుకలో తిప్పితే తప్ప ఒక్క గీతకే బండి కుళ్లిపోదు, ఈ కాలం బండ్లలో చాలా వాటికి రేకు మీద జింక్ పూత ఉంటుంది.

రేకుపని:
జింక్ మాట నిజమే, సన్న గీత పడితే జింక్ తను కరిగిపోతూ ఇనుముని కాపాడుతుంది. అయితే మట్టిబాట గారికి పడింది గీత కాదు, రాయి గీకేసిన చోటు, రాయి పెయింట్‌తో పాటు జింక్‌ని కూడా తీసుకుపోతుంది. అన్ని బండ్లకీ అన్ని ప్యానెల్స్‌కీ జింక్ ఉండదు కూడా. ఇంకోటి, జింక్ 420 డిగ్రీల దగ్గర కరుగుతుంది, 907 దగ్గర ఆవిరైపోతుంది, ఉక్కు వెల్డ్ అవ్వాలంటే 1500 దాకా పోవాలి, అంటే వెల్డింగ్ చేసిన ప్రతి చోటా చుట్టూ జింక్ పోయినట్టే. అందుకే వెల్డ్ చేశాక లోపల డబ్బాలోకి మైనం స్ప్రే కొట్టకుండా పైన మెరిసేలా పెయింట్ వేసి ఇచ్చే పని నాకు నచ్చదు, బయట నిగనిగలాడుతూ లోపల నుంచి తినేస్తుంది. ఆ పొగ పీలిస్తే వెల్డర్‌కి జ్వరం వస్తుంది, మాస్క్ లేకుండా చేయించొద్దు, పని చేసేవాడి ఆరోగ్యం కూడా మన బండి లెక్కలోకే వస్తుంది.

వానాకాలం:
ఇక్కడ ఒక మాట. సిల్ గురించి ఇంత మాట్లాడుకున్నాం, ఆ వెనక డోర్ కింది అంచు సొట్టని ఎవరూ పట్టించుకోలేదు. డోర్ బయటి రేకుని కింద లోపలి రేకు మీదకి మడిచి మధ్యలో సీలెంట్ పెడతారు. ఆ మడత వంగితే సీలెంట్ పగులుతుంది, పగిలితే నీళ్లు బురద అందులోకి పోయి కూర్చుంటాయి, గాలి తగలదు, ఆరదు. నా పాత బండి డోర్లు పోయింది అలాగే, పైన మచ్చ లేదు, కింద అంచు చేత్తో పట్టుకుంటే పొరలు పొరలుగా ఊడొచ్చింది. డోర్ అడుగున నీళ్లు పోయే చిన్న కంతలుంటాయి, సిల్‌కి కూడా ఉంటాయి, బురదలో తిప్పాక అవి మూసుకుపోతాయి, పుల్లతో పొడిచి తెరవండి. ప్రెషర్ వాషర్‌తో బండంతా కొట్టి మెరిసింది కదా అని ఇంటికొచ్చేస్తారు, వీల్ ఆర్చ్ లైనర్ (చక్రం పైన ఉండే తొడుగు) వెనక, స్కిడ్ ప్లేట్ (ఇంజిన్ కింద రాళ్లు తగలకుండా పెట్టే పళ్లెం) పైన మట్టి అలాగే ఉంటుంది, అది తడి పట్టుకుని రోజుల తరబడి ఆరదు. స్కిడ్ ప్లేట్‌కి దెబ్బ తగిలుంటే విప్పి చూడటమే మంచిది, వంగిన ప్లేట్ ఆయిల్ పాన్‌కి ఆనుకుని ఉంటే తర్వాతి రాయి నేరుగా పాన్‌కే తగిలినట్టు.

గట్టిబండి:
సొట్ట సుత్తితో కొట్టి పుట్టీ పెట్టేస్తే అయిపోయే దానికి ఇంత చర్చా? మా ఊళ్లో మేస్త్రీ గ్యాస్ పెట్టి వేడి చేసి లాగేస్తాడు, పూటలో పని.

రేకుపని:
అన్నా, బానెట్‌కో ఫెండర్‌కో అయితే కొంతవరకు సరే. సిల్, పిల్లర్ దగ్గర గ్యాస్ వద్దు, దయచేసి వద్దు. ఈ కాలం బండ్లలో పిల్లర్ లోపల, కొన్నిటికి సిల్ లోపల పట్టీ బోరాన్ ఉక్కుతో చేస్తారు, 900 డిగ్రీల దాకా కాల్చి అచ్చులోనే చల్లార్చి గట్టిపరుస్తారు, దాని బలం 1500 మెగాపాస్కల్ దాకా ఉంటుంది, మామూలు రేకుకి నాలుగైదు రెట్లు. దాన్ని మళ్లీ వేడి చేస్తే ఆ గట్టిదనం పోతుంది. చూడటానికి తిన్నగా వస్తుంది, గుద్దినప్పుడు మడత పడుతుంది. వంగితే మార్చాలి తప్ప వేడి చేసి లాగకూడదు. ఇక పుట్టీ 3 మిల్లీమీటర్లు దాటనివ్వొద్దు. ఒక చక్రం గాల్లో లేచినప్పుడల్లా బాడీ మెలి తిరుగుతుంది, మందంగా పెట్టిన పుట్టీ ఆ మెలికకి పగులుతుంది, పుట్టీ నీటిని పీల్చుకుంటుంది కూడా, పగులు లోంచి తడి రేకు దాకా పోతుంది. ముందు రేకుని సాధ్యమైనంత వెనక్కి లాగాలి, సొట్టలో చిన్న మేకులు వెల్డ్ చేసి (స్టడ్ వెల్డ్) వాటిని స్లైడ్ హ్యామర్ అనే జారుడు సుత్తితో బయటికి లాగొచ్చు, తడి రేకుకి తగలకుండా ఎపాక్సీ ప్రైమర్ కొట్టాలి, పుట్టీ చివర్లో సన్నగా.

గట్టిబండి:
పాత జీపులకి అలాగే చేశాం, ఇప్పటికీ తిరుగుతున్నాయి. అయినా బోరాన్ సంగతి మీరు చెప్పాక సిల్ వరకు ఒప్పుకుంటా. డోర్‌కి మాత్రం నా మాట మీదే ఉంటా.

కొమ్మచాటు:
అల్యూమినియం బాడీ వాళ్లకి ఈ సలహాలన్నీ సరిపోవు, అది కూడా చెప్పుకోవాలి. ల్యాండ్ రోవర్ 1948లో మొదటి బండికే అల్యూమినియం మిశ్రమం రేకు వాడింది, యుద్ధం తర్వాత ఉక్కు దొరక్క. 2020లో అమ్మకానికొచ్చిన కొత్త డిఫెండర్ అయితే మొత్తం అల్యూమినియం మోనోకాక్. ఇప్పటి జీప్ రాంగ్లర్‌లో డోర్లు, బానెట్ అల్యూమినియమే. అల్యూమినియం ఎర్రగా తుప్పు పట్టదు నిజమే, కానీ ఉక్కు బోల్టు తగిలే చోట తేమ చేరితే తెల్ల పొడిలా తినేస్తుంది. ఉక్కు మీద వాడిన సుత్తి, రాపిడి చక్రం దాని మీద వాడకూడదు, ఉక్కు రజను అందులో దిగబడుతుంది. సొట్ట లాగితే ఉక్కులా వెనక్కి రాదు, త్వరగా చీలుతుంది. అయస్కాంతం పెట్టి చూసి అంటుకోకపోతే, ఆ పని తెలిసిన షాపుకే వెళ్లండి.

మట్టిబాట గారి బంపర్ గురించి కూడా. చాలా బంపర్లు పాలీప్రొపిలీన్, వెనక వైపు అచ్చులో పిపి అని ఉంటుంది. చీలికని అదే రకం ప్లాస్టిక్ కడ్డీతో వెల్డ్ చేయొచ్చు, మామూలు జిగురు దానికి సరిగా పట్టదు. పెయింట్ వేయాలంటే ముందు అడీషన్ ప్రమోటర్ (ప్లాస్టిక్‌కి పెయింట్ అంటుకునేలా చేసే పూత) కొట్టాలి, లేకపోతే రేకల్లా ఊడిపోతుంది. నేనైతే వెల్డ్ చేయించి పెయింట్ లేకుండా వదిలేస్తా, ప్లాస్టిక్‌కి తుప్పు రాదు కదా. ఒక్కటి మాత్రం చూడాలి, బంపర్ వెనక రాడార్ ఉన్న బండైతే దాని ముందు మందంగా పెయింట్, పుట్టీ పెట్టనివ్వొద్దు, బంపర్ తీసి పెట్టాక క్యాలిబ్రేషన్ (రాడార్ సరిగ్గా చూస్తోందో సరిచేయడం) అడగాలి.

పత్రాలు:
ఇన్సూరెన్స్ క్లెయిమ్ గురించి ఎవరూ రాయలేదు కాబట్టి రెండు ముక్కలు. పాలసీలో ఆఫ్‌రోడ్, పోటీలు, రోడ్డు కాని చోట నడపడం గురించి ఏం రాసుందో అడిగే ముందు చదవండి, కొన్నిటిలో అవి మినహాయింపు. మీ వాటా ఎంతో, క్లెయిమ్ వేస్తే వచ్చే ఏడు నో క్లెయిమ్ బోనస్ (క్లెయిమ్ లేనందుకు ఇచ్చే తగ్గింపు) ఎంత పోతుందో కూడా చూసుకోండి. గీతలకి క్లెయిమ్ వేయడం చాలాసార్లు నష్టమే, సిల్ మార్చాల్సి వస్తే వేరే లెక్క. ఏది వేసినా ఎక్కడ ఎలా తగిలిందో ఉన్నదున్నట్టు చెప్పండి.

మట్టిబాట:
అందరికీ చాలా థ్యాంక్స్, ఇంత వివరంగా చెప్తారనుకోలేదు. బండిని షాపులో చూపించాను. ఐమూల కొలతలు సరిపోయాయి, డోర్ సందులు సమానం, అలైన్‌మెంట్‌లో తేడా లేదు. సిల్‌కి కింద ఉన్న రబ్బర్ బిరడా తీసి చిన్న కెమెరా పంపారు, లోపలి పట్టీకి ఏమీ కాలేదు, బయట రేకు మాత్రమే. కింది అంచు మాత్రం జాకీ పాయింట్ పక్కన వంగి సీలెంట్ లేచింది. వానాకాలం గారు చెప్పిన డోర్ మడత దగ్గర నిజంగానే సీలెంట్ చీలిక ఉంది. సిల్‌ని వేడి లేకుండా లాగించి ఎపాక్సీ ప్రైమర్, పెయింట్, లోపల మైనం, ఇది ఇప్పుడే చేయిస్తున్నా. డోర్ మడత సరిచేసి సీల్ చేయించి రంగు వరకు వేయిస్తా, సొట్ట పూర్తిగా పోకపోయినా పర్లేదు. బంపర్ వెల్డింగ్ మాత్రమే. గీతల్లో గోరు ఆగినవాటికి నేనే టచప్ పెట్టుకుంటా, మిగతావి ముట్టుకోను.

తళుకు:
డోర్ సొట్ట సగంలో వదలొద్దు బ్రో, ఎలాగూ రంగు వేయిస్తున్నావుగా, అదే చేత్తో పూర్తి చేయించు. తర్వాత విడిగా చేయిస్తే ఆ ప్యానెల్‌కి రెండోసారి పెయింట్.

కొండదారి:
సిల్ విషయంలో రేకుపని గారి మాట ఒప్పుకున్నా, మోనోకాక్‌కి నా పద్ధతి పనికిరాదు. డోర్‌కి మాత్రం సీల్ చేసి ఆపేయ్. ఆ అంచు మళ్లీ తగిలే చోటే.

రేకుపని:
డోర్ విషయంలో ఇద్దరి మాటా తప్పు కాదు, మట్టిబాట గారి ఇష్టం. టచప్ పెట్టే దాకా రేకు కనిపించే చోట సిలికాన్ ఉన్న స్ప్రేలు, డాష్‌బోర్డ్ పాలిష్‌లు తగలనివ్వకండి, తర్వాత పెయింట్ పట్టక చిన్న చిన్న గుంటలు పడతాయి. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, ఆరాక ప్రైమర్ చుక్క పెట్టండి చాలు. ఇంకా స్లైడర్లు (సిల్‌కి రాయి తగలకుండా పక్కన బిగించే గట్టి గొట్టాలు) పెట్టించే ఆలోచన ఉంటే చెప్పండి. లాడర్ ఫ్రేమ్‌కి అవి ఛాసిస్‌కి బిగిస్తారు, మీ బండికి సిల్ కింది అంచుకి బిగించే రకం వద్దు, రాయి మీద కూర్చున్నప్పుడు ఆ బరువంతా మళ్లీ ఇప్పుడు వంగిన అంచు మీదకే వస్తుంది. ఫ్లోర్ కింద ఉన్న గట్టి మెంబర్ల (బరువు మోసే దూలాల్లాంటి భాగాల) దాకా బ్రాకెట్లు పోయే డిజైన్ ఉందేమో చూడండి, మోడల్ పేరు రాస్తే కింద ఎలా ఉంటుందో చూసి చెప్తా.