ఒకే ఇంటర్నెట్ కనెక్షన్‌ను నాలుగు కంప్యూటర్లకు పంచుకోవడం ఎలా?

ప్రశ్న:
మోడెమ్‌కు నెట్‌వర్క్ స్విచ్ (కేబుళ్లతో కంప్యూటర్లను కలిపే పెట్టె) తగిలించి నాలుగు కంప్యూటర్లను కలిపాను గానీ, ముందుగా ఆన్ చేసినదానికి మాత్రమే ఇంటర్నెట్ వస్తోంది. విండోస్‌లోని కనెక్షన్ షేరింగ్ వాడుకోవాలా, లేక రౌటర్ కొనడమే మేలా? దయచేసి తెలుపగలరు.

సమాధానం 1:
మీ స్విచ్‌లో లోపమేమీ లేదండి. సర్వీస్ ప్రొవైడర్ ఒకే ఐపీ అడ్రస్ (ఇంటర్నెట్‌లో కంప్యూటర్‌ను గుర్తించే సంఖ్య) ఇస్తున్నట్లయితే, దాన్ని మొదట అందుకున్న కంప్యూటరే బయటికి వెళ్లగలుగుతుంది. స్విచ్‌కు ఆ అడ్రస్‌ను పంచే శక్తి లేదు. రౌటర్ అయితే లోపలి కంప్యూటర్లకు సాధారణంగా 192.168తో మొదలయ్యే వేర్వేరు అడ్రస్‌లు ఇచ్చి, ఏ పోర్టు నంబరు (ఒక్కో కనెక్షన్‌ను గుర్తించే సంఖ్య) మీదుగా వెళ్లిన అభ్యర్థన ఎవరిదో ఒక పట్టికలో గుర్తుంచుకుని, జవాబు రాగానే సరిగ్గా వారికే చేరవేస్తుంది. దీన్నే నాట్ (NAT, నెట్‌వర్క్ అడ్రస్ ట్రాన్స్‌లేషన్) అంటారు. విండోస్ షేరింగ్ కూడా చేసేది ఇదే, కాకపోతే ఆ కంప్యూటర్‌కు రెండో నెట్‌వర్క్ కార్డు ఉండాలి, పైగా అది స్లీప్‌లోకి వెళ్లిన మరుక్షణం మిగతా మూడింటికీ ఇంటర్నెట్ ఆగిపోతుంది.

సమాధానం 2:
నేను కొంతకాలం షేరింగ్‌తోనే నెట్టుకొచ్చాను. "దీన్ని ఆపవద్దు" అని డెస్క్‌టాప్‌కు అంటించిన కాగితాన్ని ఎవరూ పట్టించుకోలేదు కాబట్టి చివరికి రౌటరే కొన్నాను. మీ స్విచ్‌ను పారేయకండి, రౌటర్‌లో లాన్ పోర్టులు (కంప్యూటర్ల కేబుళ్లు తగిలించే రంధ్రాలు) చాలకపోతే పనికొస్తుంది. దూరం 100 మీటర్లు మించనంత వరకు క్యాట్ 5ఈ రకం నెట్‌వర్క్ కేబుల్ గిగాబిట్ (సెకనుకు వంద కోట్ల బిట్ల) వేగాన్ని అందిస్తుంది కనుక, కదలని కంప్యూటర్లకు వైఫై కన్నా కేబులే నయమని నా అభిప్రాయం.

ప్రశ్న అడిగినవారు:
రౌటర్ బిగించాను. మొదట కనెక్ట్ కాలేదు గానీ, మోడెమ్‌ను ఒకసారి ఆపి మళ్లీ ఆన్ చేశాక నాలుగూ పనిచేస్తున్నాయి. ఇద్దరికీ కృతజ్ఞతలు.