ఫుట్‌బాల్ స్టేడియాల్లో నిలబడి చూసే స్టాండ్లు: హిల్స్‌బరో తరువాత మళ్లీ ఎందుకు అనుమతించారు?

ప్రశ్న (పంపినవారు: టీవీ ప్రేక్షకుడు)

అందరికీ నమస్కారం. ఇంగ్లండ్‌లోని పెద్ద ఫుట్‌బాల్ క్లబ్బులు తమ స్టేడియాల్లో కొంత భాగాన్ని నిలబడి చూసేవారికి కేటాయించుకోవడానికి 2022 నుంచి అక్కడి ప్రభుత్వం అనుమతిస్తోంది. నేను ఈ ఆటను టీవీలో తప్ప చూడనివాణ్ణి. అయితే 1989 ఏప్రిల్ 15న షెఫీల్డ్ నగరంలోని హిల్స్‌బరో మైదానంలో, లివర్‌పూల్, నాటింగ్‌హామ్ ఫారెస్ట్ జట్ల ఎఫ్‌ఏ కప్ సెమీఫైనల్ నాడు జరిగిన ఘోరం గురించి కొంత చదివాను. ఆనాటి గాయాల వల్ల ఏళ్ల తరువాత కన్నుమూసినవారితో కలిపి మృతులు 97 మంది. ఇంగ్లండ్‌లోని పై రెండు డివిజన్లలో ప్రతి ప్రేక్షకుడికీ కుర్చీ ఉండి తీరాలన్న నిబంధన ఆ తరువాతే వచ్చిందని నా అవగాహన.

అంతమంది ప్రాణాలు పోయాక తెచ్చిన నిబంధనను సడలించేంతగా ఈ ముప్పై ఏళ్లలో ఏం మారింది? కొత్తగా వేస్తున్న ఇనుప రెయిలింగులు నిజంగా జనాన్ని ఆపగలవా, లేక అభిమానుల ఒత్తిడికి తలొగ్గిన ప్రభుత్వం దానికి భద్రత అనే పేరు పెట్టిందా? నిలబడలేనివారి సంగతి ఏమిటన్నది కూడా తెలిసినవారు చెప్పగలరు. ఏదో ఒక పక్షం వహించి వాదించడం నా ఉద్దేశం కాదు.

జవాబు 1 (పంపినవారు: పాత టెర్రస్)

మీ ప్రశ్నలో ఒక ఊహ దాగి ఉందండి. ప్రేక్షకులు నిలబడి ఉండడం వల్లే హిల్స్‌బరోలో ప్రాణాలు పోయాయన్నది ఆ ఊహ. ఆ రోజు జరిగింది వేరు. లెపింగ్స్ లేన్ వైపు టెర్రస్‌ను, అంటే కుర్చీలు లేకుండా నిలబడి చూసే మెట్ల స్టాండును, ఇనుప కంచెలతో అరలు అరలుగా విడదీశారు. మైదానంలోకి ఎవరూ దూకకుండా ముందువైపు కూడా ఎత్తైన కంచె కట్టారు. బయట టర్న్‌స్టైళ్ల (ఒక్కొక్కరినే లోపలికి వదిలే తిరుగుడు గేట్ల) దగ్గర జనం పేరుకుపోవడంతో పోలీసులు సి గేటును తెరిపించారు. అలా లోపలికి వచ్చినవారికి ఎదురుగా కనిపించిన సొరంగమార్గం నేరుగా నడిమి అరల్లోకి, అంటే 3, 4 నంబరు అరల్లోకి దిగుతుంది. అవి అప్పటికే కిక్కిరిసి ఉన్నాయి. సొరంగమార్గం మొదట్లో ఇద్దరు ముగ్గురు నిలబడి జనాన్ని పక్కలకు మళ్లించి ఉంటే సరిపోయేది, ఎందుకంటే పక్క అరల్లో చోటు మిగిలే ఉంది. ఆ పని ఎవరూ చేయలేదు. 3వ అరలో ఒక అడ్డుకమ్మీ విరిగిపోయింది, ముందున్న కంచె మాత్రం కదలలేదు. ఆట మొదలైన ఆరు నిమిషాలకు రిఫరీ నిలిపివేశారు.

విచారణ జరిపిన జస్టిస్ టేలర్ పోలీసుల నియంత్రణ లోపించడమే ప్రధాన కారణమని తేల్చారు. 1990 జనవరిలో వెలువడిన తుది నివేదికలో, నిలబడి చూడడం దానంతటదే ప్రమాదకరం కాదని ఆయన అంగీకరించారు. అయినా జనాన్ని అదుపులో ఉంచడానికి, ఎవరు ఎక్కడ ఉన్నారో తెలియడానికి కుర్చీలే మేలన్న నిర్ణయానికి వచ్చారు. 1994 ఆగస్టు నాటికి పై రెండు డివిజన్ల మైదానాలన్నీ కుర్చీలతో నిండాలన్నది దాని ఫలితం. మృతులు చట్టవిరుద్ధంగా చంపబడ్డారనీ, అభిమానుల ప్రవర్తనలో తప్పేమీ లేదనీ జ్యూరీ నోట వినడానికి ఆ కుటుంబాలు 2016 దాకా ఎదురుచూడవలసి వచ్చింది.

కుర్చీ ఉన్నంత మాత్రాన భద్రత ఉన్నట్టు కాదనడానికి బ్రాడ్‌ఫర్డ్ నగరపు ఫుట్‌బాల్ మైదానం గుర్తుకు రావాలి. 1985 మే 11న అక్కడి చెక్క స్టాండులో కుర్చీల కింద పేరుకున్న చెత్త అంటుకుని 56 మంది చనిపోయారు. ఆ స్టాండు ముందు కంచె లేదు కాబట్టే వేలాదిమంది మైదానంలోకి దిగి బతికారు; వెనుక ద్వారాల వైపు పరుగెత్తినవారికి తాళాలు ఎదురయ్యాయి. నన్నడిగితే ఆ దశాబ్దపు విషాదాల్లో మొదట చూడవలసినవి కంచె, తాళం, లెక్కలేకుండా జనాన్ని లోపలికి వదలడం. కుర్చీ ఆ తరువాతి సంగతి.

మూడో, నాలుగో డివిజన్లలో టెర్రస్‌లు ఎప్పుడూ పూర్తిగా పోలేదన్నది కూడా చాలామంది మరిచిపోతారు. బ్రెంట్‌ఫర్డ్ వారి పాత మైదానం గ్రిఫిన్ పార్కులో, ఆ జట్టు రెండో డివిజన్‌కు ఎదిగిన తరువాత కూడా, 2020లో కొత్త స్టేడియానికి మారేదాకా నిలబడే టెర్రస్ ఉండేది.

జవాబు 2 (పంపినవారు: కొలతల మనిషి)

పై మిత్రులు చరిత్ర చెప్పారు కాబట్టి రెయిలింగు సంగతి నేను చెబుతాను.

మామూలు కుర్చీల స్టాండులో అభిమానులు ఎలాగూ నిలబడే చూస్తున్నారు. గోల్ పోస్టు వెనుక ఉండే స్టాండ్లలోనూ, ఆడడానికి వచ్చిన బయటి జట్టు అభిమానులకు ఇచ్చే భాగంలోనూ ఇది ఎన్నో ఏళ్లుగా జరుగుతున్నదే. ఇబ్బంది ఎక్కడంటే, ముందు వరస కుర్చీ వీపు నిలబడ్డ మనిషి మోకాలి దరిదాపుల్లోనే ఆగిపోతుంది. గోల్ పడగానే వెనుకవారు ఎగిరి ముందుకు తూలితే, ఆ కుర్చీ అంచు వారిని ఆపదు సరికదా, కాళ్లకు అడ్డం తగిలి ముందు వరస మీదికి బోర్లా పడవేస్తుంది. మోకాళ్ల కింద చర్మం లేచిపోవడం అక్కడ మామూలు విషయం. నిటారుగా ఉండే పై అంతస్తులో అదే జరిగితే ఒకరి మీద ఒకరు ఎన్ని వరసలు దొర్లుతారో ఊహించుకోవచ్చు.

రెయిల్ సీటు ఏర్పాటులో ప్రతి వరసకూ నడుము ఎత్తున దృఢమైన లోహపు కమ్మీ ఉంటుంది. కుర్చీ దాని చట్రంలోనే మడిచి ఉంటుంది, కిందికి వంచితే కూర్చోవచ్చు. శరీరపు బరువులో ఎక్కువ భాగం నడుముకు పైనే ఉంటుంది కాబట్టి, తూలిన మనిషిని ఆ ఎత్తులో ఉన్న కమ్మీ తన వరసలోనే నిలిపివేస్తుంది. పాత టెర్రస్‌లో అడ్డుకమ్మీలు అక్కడొకటి ఇక్కడొకటి ఉండేవి. వెనుక పుట్టిన తోపుడు పదిమందిని దాటి, ఇరవైమందిని దాటి, ముందున్నవారి పక్కటెముకల దాకా పెరుగుతూ వచ్చేది. ఇక్కడ తోపుడు ఒక వరస దాటే అవకాశమే లేదు. బాగా తీసిన పద్దు ఎలాగైతే ఏ నెల అప్పును ఆ నెలలోనే తేల్చేస్తుందో, ఈ కమ్మీ ఏ వరస బరువును ఆ వరసలోనే తేల్చేస్తుంది.

దీనికంటే ముఖ్యమైన నియమం ఇంకొకటి ఉంది. ఇంగ్లండ్‌లో అనుమతి పొందిన నిలబడే స్టాండులో ఒక్కొక్కరికి ఒక్కొక్క కుర్చీ చొప్పునే టికెట్లు అమ్మాలి. టెర్రస్‌ల విషయంలో మైదానాల భద్రతకు ప్రమాణమైన గ్రీన్ గైడ్ 10 చదరపు మీటర్లకు గరిష్ఠంగా 47 మందిని అనుమతిస్తుంది. రెయిల్ సీట్ల స్టాండులో అంత కిక్కిరిసే వీలే లేదు. సీసీటీవీ ఆ భాగమంతటినీ చూడగలగాలి, స్టూవార్డులకు, అంటే మైదానంలో జనాన్ని చూసుకునే సిబ్బందికి, తగిన శిక్షణ ఉండాలి, బయటి జట్టు అభిమానులకు కూడా అలాంటి భాగం కల్పించాలి.

ఈ ఏర్పాటు రాత్రికి రాత్రి రాలేదు. ఇంగ్లండ్ నిబంధన స్కాట్లాండ్‌కు వర్తించదు కాబట్టి గ్లాస్గోలోని సెల్టిక్ 2016లోనే సుమారు 2,600 రెయిల్ సీట్లు వేసింది. 2018లో వెస్ట్ బ్రోమిచ్ ఆల్బియన్ అనుమతి కోరితే ప్రభుత్వం తోసిపుచ్చింది. ఆ కోపంలో మొదలైన వినతిపత్రం మీద లక్షకు పైగా సంతకాలు పడి విషయం పార్లమెంటులో చర్చకు వచ్చింది. అదే ఏడాది మూడో డివిజన్ జట్టు ష్రూస్‌బరీ టౌన్, అభిమానుల చందాలతో, ఇంగ్లండ్‌లో మొదటిసారి రెయిల్ సీట్లు అమర్చింది. చివరికి 2022 జనవరి 2న చెల్సీ, లివర్‌పూల్ మ్యాచ్‌తో చెల్సీ సొంత మైదానం స్టాంఫర్డ్ బ్రిడ్జిలో అధికారిక ప్రయోగం మొదలైంది. చెల్సీతో పాటు మాంచెస్టర్ నగరపు రెండు క్లబ్బులూ, టోటెన్‌హామ్, కార్డిఫ్ అందులో ఉన్నాయి. ఆ అనుభవం సంతృప్తికరంగా ఉండడంతో 2022-23 సీజన్ నుంచి షరతులకు లోబడిన మిగతా క్లబ్బులకూ తలుపు తెరిచారు.

జవాబు 3 (పంపినవారు: కూర్చునే చూస్తాను)

కమ్మీ బలం గురించి చెప్పినదానితో నాకు పేచీ లేదు. కమ్మీకి అందని విషయాలు కొన్ని ఉన్నాయి.

మొదటిది, చోటు మారడం. స్నేహితుల పక్కన నిలబడాలని తన టికెట్‌లో ఉన్న బ్లాకు వదిలి ఇంకో బ్లాకులోకి వచ్చేవారు ప్రతి మైదానంలోనూ ఉంటారు. వరసల్లో చోటు లేకపోతే వారు చేరేది నడిచే దారిలోని మెట్ల మీదికి. అక్కడ ఏ కమ్మీ ఉండదు, ఉండకూడదు కూడా, ఎందుకంటే అత్యవసరంలో జనం దిగవలసినది ఆ మెట్ల మీదుగానే. కాబట్టి మెట్ల మొదట్లో టికెట్ చూసే స్టూవార్డు తన పని మానేసి ఆట చూస్తూ కూర్చుంటే, పైన ఎంత ఉక్కు పోసినా లెక్క తప్పినట్టే. హిల్స్‌బరో నేర్పిన పాఠం కూడా ఇదేనని మొదటి జవాబులోనే ఉంది.

రెండోది ధర. నిలబడే చోటు వస్తే టికెట్ చవకవుతుందని చాలామంది ఆశ పెట్టుకున్నారు. జర్మనీలోని డార్ట్‌మండ్ దక్షిణపు స్టాండును ఉదాహరణగా చూపిస్తారు. అక్కడ సుమారు 25,000 మంది నిలబడతారు, దేశీయ మ్యాచ్‌లకు స్టేడియం మొత్తం సామర్థ్యం 81,365, కుర్చీలు వేసి ఆడిన యూరోపియన్ మ్యాచ్‌లకు అది దాదాపు 66,000కు పడిపోయేది. అదే స్థలంలో ఎక్కువమంది పడతారు కనుక తక్కువ ధరకు అమ్మడం అక్కడ కుదురుతుంది. ఇంగ్లండ్‌లో మనిషికొక కుర్చీ అన్న నియమం ఉన్నంతకాలం క్లబ్బుకు ఒక్క టికెట్ కూడా అదనంగా రాదు, పైగా రెయిలింగుల ఖర్చు మీద పడుతుంది. టేలర్ నివేదికలో కూడా కుర్చీల పేరుతో ధరలు విపరీతంగా పెంచనక్కర్లేదనీ, గ్లాస్గోలోని ఇబ్రాక్స్ మైదానంలో కుర్చీ 6 పౌండ్లు, నిలబడే చోటు 4 పౌండ్లు అనీ ఉంది. ఆ మాటను ఆ తరువాత ఎవరు పట్టించుకున్నారు?

నిలబడలేనివారి గురించి మీరు అడిగారు. నా ఉద్దేశంలో ఈ మార్పు వల్ల మేలు జరిగినది ముందుగా వారికే. నిలబడాలనుకునేవారికి ఒక చోటు ఖాయమైతే, మిగతా బ్లాకుల్లో కూర్చోమని చెప్పే హక్కు స్టూవార్డుకు వస్తుంది. అయితే బయటి జట్టు అభిమానులకు కేటాయించే భాగం చిన్నది. అక్కడ అందరూ నిలబడితే పిల్లలతో వచ్చినవారికీ, వృద్ధులకూ వేరే దారి ఉండదు. నిలబడ్డ తలల మీదుగా కనిపించేంత ఎత్తున వీల్‌చైర్ వేదికను కట్టని పాత స్టేడియాల్లో పరిస్థితి మరీ దయనీయం.

ప్రశ్న అడిగినవారి స్పందన (టీవీ ప్రేక్షకుడు)

ముగ్గురికీ కృతజ్ఞతలు. నిబంధనను ఎత్తివేశారని నేను పొరబడ్డాననీ, నిజానికి దాని లోపల ఒక కొత్త షరతుల చట్రం పెట్టారనీ ఇప్పుడు అర్థమైంది. ఇంకొక్క సందేహం: ఇందరు ఆప్తులను పోగొట్టుకున్న లివర్‌పూల్ దీనిని ఎలా స్వీకరించింది?

జవాబు 4 (పంపినవారు: పాత టెర్రస్)

ఏకాభిప్రాయం లేదండి, ఉండాలని కోరడం కూడా న్యాయం కాదు. మృతుల కుటుంబాల్లో కొందరు నిలబడే స్టాండు ఏ రూపంలో వచ్చినా ఒప్పుకోమని బహిరంగంగానే చెప్పారు. ఎవరి బిడ్డ ఆ అరల్లో ఊపిరాడక పోయిందో వారికి నడుము ఎత్తు కమ్మీ లెక్కలు చెప్పడానికి నాకైతే నోరు రాదు. మరికొందరు దీనిని వేరుగా చూశారు. స్పిరిట్ ఆఫ్ షాంక్లీ అనే అభిమానుల సంఘం 2017లో సభ్యులూ, ఇతర అభిమానుల మధ్య ఓటింగ్ జరిపితే అత్యధికులు రెయిల్ సీట్లకు అనుకూలంగా వేశారు. 2021లో లివర్‌పూల్ సొంత మైదానం ఆన్‌ఫీల్డ్‌లోని కాప్, ఆన్‌ఫీల్డ్ రోడ్ స్టాండ్లలో కలిపి సుమారు 7,800 రెయిల్ సీట్లను ప్రయోగాత్మకంగా అమర్చారు. అప్పట్లో అవి నిలబడడానికి ఇచ్చిన అనుమతి కావు, తూలి పడేవారికి పట్టు దొరకడానికి వేసినవి మాత్రమే.

మీరు ఎప్పుడైనా స్టేడియానికి వెళ్లి చూడాలనుకుంటే, టికెట్ కొనేటప్పుడు బ్లాకు వివరాలు చదవండి. నిలబడే అనుమతి ఉన్న బ్లాకులో మీకు కుర్చీ ఉంటుంది, దానికి తాళం వేయరు, కూర్చుంటే ఎవరూ కాదనరు. కాకపోతే ముందు వరస మొత్తం నిలబడి ఉంటుంది కాబట్టి తొంభై నిమిషాలూ మీకు కనిపించేది వారి వీపులే. పిల్లలు వెంట ఉంటే పక్క గ్యాలరీలో, వీలైతే మైదానం పొడవు వైపున తీసుకోవడం మంచిది.