సైన్యం నుంచి వచ్చి 43 ఏళ్లకు సైకాలజీ చదువుతున్నాను, సలహా ఇవ్వగలరా?

సైన్యంలో 17 ఏళ్లు చేసి బయటికొచ్చాను. తర్వాత సెక్యూరిటీ ఉద్యోగం, లారీ డ్రైవింగ్, కొన్నాళ్లు ఊరికే ఇంట్లో. ఇప్పుడు సైకాలజీ డిగ్రీ మొదటి ఏడాది.

ఇటు రావడానికి కారణం నా తోటి సైనికుడు. రిటైరయ్యాక కూడా రాత్రిళ్లు బూట్లు విప్పకుండానే పడుకునేవాడు, లేసులు బిగించి మరీ. అడిగితే "అలవాటురా" అనేవాడు. నేనూ నమ్మేశాను. మొదటి ప్రపంచ యుద్ధంలో ఇలాంటి లక్షణాలనే షెల్ షాక్ అనేవారని, పీటీఎస్‌డీ (భయంకర అనుభవాల తర్వాత మిగిలిపోయే మానసిక సమస్య) అనే పేరు 1980లో డీఎస్‌ఎం (మానసిక రుగ్మతలను వర్గీకరించే అమెరికా పుస్తకం) మూడో కూర్పులో చేరిందని క్లాసులో విన్నప్పుడు ఆ బూట్లే కళ్లముందు మెదిలాయి. పాఠం మధ్యలోనే లేచి బయటికి వచ్చేశాను.

ఇక్కడే నాకు సాయం కావాలి. ట్రామా గురించి చదివేటప్పుడు సొంత జ్ఞాపకాలు పైకి వస్తే మీరెలా తట్టుకున్నారు? చదువు కాస్త ఆపి ముందు నేనే కౌన్సెలింగ్‌కి వెళ్లాలా, రెండూ కలిపి నడపొచ్చా?

ఇంకొకటి, స్టాటిస్టిక్స్. లెక్కలు వదిలేసి పాతికేళ్లయింది, రెండు గుంపుల సగటులను పోల్చే టీ-టెస్ట్ దగ్గరే ఆగిపోయాను. పరీక్షలంటే టెన్షన్‌గా ఉంది. మొదట ఏ అంశం పట్టుకోవాలి? ఆలస్యంగా ఈ చదువులోకి వచ్చినవాళ్లుంటే దయచేసి చెప్పండి.