20 వేలు కట్టి బాజా టీమ్‌లో చేరడం దండగా?

మెక్_రెండో_ఏడు:
హైదరాబాద్ శివార్లలో ఒక ప్రైవేటు కాలేజీలో మెకానికల్ రెండో ఏడాది చదువుతున్నాను. మా దగ్గర బాజా టీమ్ ఉంది. మట్టిదారుల్లో పరిగెత్తే ఒంటి సీటు బండిని డిజైన్ చేసి, తయారుచేసి, మధ్యప్రదేశ్‌లోని పీతంపూర్‌లో పోటీకి తీసుకెళ్తారు. కొత్తవాళ్లను తీసుకుంటున్నారు, తలా 20 వేలు కట్టాలట. రెజ్యూమేకి ఇంతకు మించింది లేదని సీనియర్లు అంటున్నారు. ఇంట్లో మాత్రం ఆ డబ్బుతో కోడింగ్ కోర్సులో చేరమంటున్నారు. ఏం చేయమంటారు?

పాత_వెల్డర్:
చేరిపో తమ్ముడూ. ఇది నిన్న మొన్న పుట్టిన పోటీ కాదు. అమెరికాలో 1976లో మొదలైంది, మన దగ్గర ఎస్‌ఏఈ ఇండియా అనే ఆటోమొబైల్ ఇంజినీర్ల సంఘం 2007 నుంచి నడుపుతోంది. నేను ఆడిన రోజుల్లో అందరికీ ఒకటే ఇంజిన్, బ్రిగ్స్ అండ్ స్ట్రాటన్ 10 హార్స్‌పవర్‌ది. దాన్ని ముట్టుకోకూడదు. కాబట్టి గెలుపోటములన్నీ బరువు, గేర్ రేషియో, సస్పెన్షన్ దగ్గరే తేలతాయి.

ఒక ఉదాహరణ చెప్తా. రోల్ కేజ్‌కి, అంటే బండి బోల్తా పడినా డ్రైవర్‌ని కాపాడే గొట్టాల చట్రానికి, రూల్ బుక్‌లో ఒక గొట్టం కొలత ఇస్తారు. వేరే కొలత వాడుకోవచ్చు, కానీ వంగడంలో దానికి సమానమైన గట్టిదనం, బలం రెండూ ఉన్నాయని లెక్క కట్టి చూపించాలి. మేం క్రోమోలీ (మామూలు దానికంటే బలమైన స్టీల్) తెచ్చాం కదా, గోడ మందం తగ్గించి బరువు దించేద్దాం అనుకున్నాం. బలం లెక్క సరిపోయింది, గట్టిదనం లెక్క తేలలేదు. స్టీల్ ఏ రకమైనా యంగ్స్ మాడ్యులస్, అంటే సాగకుండా ఆపే గట్టిదనం, దాదాపు ఒకటే! గోడ పల్చన కావాలంటే వ్యాసం పెంచక తప్పదు. స్ట్రెంగ్త్ ఆఫ్ మెటీరియల్స్‌లో బట్టీ పట్టి రాసిన ఫార్ములా నాకు అప్పుడు అర్థమైంది.

అటెండెన్స్_బాధితుడు:
అన్నా, మీ టీమ్ వేరు. మా కాలేజీలో డిజైన్ అంతా నలుగురు ఫైనల్ ఇయర్ వాళ్ల లాప్‌టాప్‌లలో ఉండేది. కేజ్ బాలానగర్‌లో ఒక షాపులో వంచి, అక్కడే వెల్డింగ్ చేయించారు. ఆల్ఫా ఆటో గేర్‌బాక్స్, మారుతి 800 సామాన్లు పాత ఇనుము కొట్లలో కొన్నారు. జూనియర్లం ఏం చేశాం? గొట్టాలకు ఎమరీ పేపర్ రుద్దాం, స్పాన్సర్ల కోసం ఫోన్లు చేశాం, స్టిక్కర్లు అంటించాం. పోటీ దగ్గర బ్రేక్ టెస్ట్‌లో ఒక వెనక చక్రం లాక్ కాలేదు. నాలుగూ ఒకేసారి లాక్ అయితేనే పాస్. మేం ఫెయిల్, గంటల తరబడి నడిచే ఎండ్యూరెన్స్ రేసు చూడటానికి గ్యాలరీలో కూర్చున్నాం.

పైగా జేఎన్‌టీయూ రూల్ తెలుసుగా, అటెండెన్స్ 75 శాతం ఉండాలి. 65కి పైన ఉంటే మెడికల్ సర్టిఫికెట్ పెట్టి కండోనేషన్ (తగ్గిన హాజరు మాఫీకి ఫీజు) కట్టొచ్చు. అంతకంటే తగ్గితే ఆ సెమ్ మళ్లీ చదవాల్సిందే. బండి పనికి వెళ్లిన రోజులకు అటెండెన్స్ ఇస్తామన్న సార్ సెమ్ చివర్లో ఫోన్ ఎత్తలేదు.

పాత_వెల్డర్:
అది బాజా తప్పు కాదు, మీ టీమ్ తప్పు.

అటెండెన్స్_బాధితుడు:
చేరేది టీమ్‌లోనే కదన్నా, రూల్ బుక్‌లో కాదుగా.

అమ్మ_విజయవాడ:
మా అమ్మాయి కూడా ఇలాంటి టీమ్‌లోనే ఉంది. డబ్బు సంగతి అలా ఉంచండి, పోటీ దగ్గరపడితే రాత్రిళ్లు వర్క్‌షాపులోనే ఉంటారు. హాస్టల్ గేటు తొమ్మిదికి వేసేస్తారు కాబట్టి ఆడపిల్లలకు కాస్ట్ రిపోర్టు, ప్రెజెంటేషన్ అప్పగించి పంపేస్తున్నారట. తను లేత్ మీద పని నేర్చుకోవాలని చేరింది. అబ్బాయిలతో సమానంగానే కట్టాం మరి.

డిజైన్_పుణె:
నేను పుణెలో చాసీ డిజైన్‌లో పనిచేస్తున్నాను, ఫ్రెషర్ల ఇంటర్వ్యూలకు కూర్చుంటాను. రెజ్యూమేలో బాజా అని కనబడితే మార్కులేమీ పడవు, అది చాలామంది రాస్తారు. నేను అడిగేది ఒక్కటే: మీ బండిలో ఏం విరిగింది, ఎందుకు విరిగింది? నాలుగు గంటల ఎండ్యూరెన్స్‌లో ఏదో ఒకటి విరగని బండి అరుదు. ఒకబ్బాయి ముందు చక్రం కింది ఆర్మ్ చివర రాడ్ ఎండ్ (కీలులా తిరిగే జాయింట్) మర దగ్గర తెగిందన్నాడు. అక్కడ వంగే లోడ్ పడేలా పెట్టాం, అది లాగుడు, నొక్కుడు మాత్రమే తట్టుకునే పార్టు అని బొమ్మ గీసి చూపించాడు. తీసుకున్నాం. ఇంకొకడు టీమ్ కెప్టెన్. డ్యాంపర్ (షాక్ అబ్జార్బర్) ఎలా ఎంచారంటే పోయినేటి సీనియర్లు అదే వాడారన్నాడు.

అటెండెన్స్_బాధితుడు:
సార్, ఆ తీసుకున్నబ్బాయికి జీతం ఎంత ఇచ్చారు? మా బ్యాచ్‌లో సాఫ్ట్‌వేర్‌కి వెళ్లినవాళ్లకంటే తక్కువే అయ్యుంటుంది.

డిజైన్_పుణె:
తక్కువే, కాదనను. డబ్బే లెక్క అయితే మీ ఇంట్లోవాళ్లు చెప్పిందే సబబు. బండ్ల మీద ఇష్టం ఉన్నవాడి గురించే నేను చెప్తున్నది.

డెట్రాయిట్_దగ్గర:
ఇక్కడ ఎమ్మెస్‌లో చేరాక యూనివర్సిటీ బాజా టీమ్‌లోకి వెళ్లాను. ఇక్కడి ఇంజిన్ ఇప్పుడు కోహ్లర్. వర్క్‌షాప్ క్యాంపస్‌లోనే, సేఫ్టీ ట్రైనింగ్ అయ్యేదాకా మెషీన్ దగ్గరికి రానివ్వరు. ఆ తర్వాత నకిల్ (చక్రాన్ని సస్పెన్షన్‌కి కలిపే పార్టు) కూడా మనమే మిల్లింగ్ చేసుకోవాలి. నేను టిగ్ వెల్డింగ్ నేర్చుకుంది ఇక్కడే, బీటెక్ నాలుగేళ్లలో టార్చ్ పట్టుకోలేదు. మన దగ్గర పిల్లలకు తెలివి తక్కువై కాదు, వర్క్‌షాపుకి తాళం వేసి ఉంటుంది! తమ్ముడూ, చేరేముందు మీ కాలేజీ వర్క్‌షాప్ సాయంత్రం ఐదు తర్వాత తెరిచి ఉంటుందో లేదో చూసుకో.

మెక్_రెండో_ఏడు:
అందరికీ థాంక్స్. నిన్న కెప్టెన్‌ని కలిసి మీరు చెప్పినవన్నీ అడిగాను. గొట్టాలు వంచడం బయటే, నాచ్ కొట్టడం (గొట్టం చివరను ఇంకో గొట్టానికి అతికేలా కోయడం), వెల్డింగ్ ఇక్కడే అట. వర్క్‌షాప్ ఎనిమిదిదాకా ఉంటుంది. ఇంజిన్ పోయినేటిదే వాడుతున్నారు, మరి 20 వేలెందుకన్నా అంటే రిజిస్ట్రేషన్, పీతంపూర్‌కి లారీ, అక్కడ బస, టైర్లు అన్నాడు. బిల్లులు చూపించమంటే ముందు కొంచెం ముఖం మాడ్చుకున్నాడు గానీ ఎక్సెల్ షీట్ పంపాడు. బ్రేకుల టీమ్‌లో జూనియర్‌కి చోటుంది అంటున్నాడు. ముందు పది కట్టి, బండి కేజ్ లేచాక మిగతాది కడతానన్నాను. ఆలోచించి చెప్తానన్నాడు.

అటెండెన్స్_బాధితుడు:
బ్రేకులైతే చేరు. మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే బ్రేక్ ఆయిల్‌ని నెట్టేది) బోర్, పెడల్ రేషియో లెక్క నువ్వే కట్టు, ఎవడి షీటూ కాపీ కొట్టకు. అటెండెన్స్ ఇస్తామన్నది మాత్రం హెచ్‌ఓడీ సంతకంతో కాగితం మీద తీసుకో. ఆ పది వేలకు రసీదు కూడా.

అమ్మ_విజయవాడ:
బాబూ, మీ టీమ్‌లో ఆడపిల్లలు ఎంతమంది, వాళ్లకు ఏ పని ఇస్తున్నారో కూడా ఒకసారి అడిగి ఇక్కడ రాయి.